పెత్రమాస బియ్యం

"బియ్యమే ఇయ్యాల్నంటే గుడికాడ పంతులుకియ్యి. దానికెందుకు?" అన్నాడు బిక్షపతి, స్కూటర్ తాళంచెవి పిడికిట్లో దాచుకుని.

సారలమ్మ సంచి సర్దుకుంది. బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, పైన బెల్లం గడ్డ. పోయినవాళ్ళ పేరు మీద పెత్రమాస నాడు బియ్యమివ్వడం వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ ఉన్నదే. ఇన్నేళ్ళూ అత్తమామల పేరు మీద ఇచ్చింది. ఈసారి కొడుకు రంజిత్ పేరు మీద ఇవ్వాలి. ఏ తల్లికీ రాకూడని పెత్రమాస అది.

రంజిత్ కీసర దాటాక ఉన్న జంతు సంరక్షణ కేంద్రంలో కీపరుగా చేసేవాడు. తల్లి లేని కూనగా వచ్చిన మల్లి అనే ఎలుగుబంటికి సీసాతో పాలు పట్టి పెంచింది వాడే. వాడు పోయిన ఏడాదికి ఇప్పుడు దాన్ని వేరే రాష్ట్రానికి పంపించేస్తారట. ఎవరైనా దత్తత తీసుకుంటే మాత్రం ఇక్కడే ఉంచుతారు. దత్తత అంటే ఇంటికి తెచ్చుకోవడం కాదు. దాని తిండి మనం చూసుకుంటే, వాళ్ళు కంచె ముందు మనం చెప్పిన పేరుతో బోర్డు పెడతారు. ఆ బోర్డు మీద కొడుకు పేరుండాలని సారలమ్మ పట్టు. భర్త కూడా వచ్చి ఒప్పుకుంటేనే ఇస్తానని అక్కడి డాక్టరమ్మ ఫోన్లో షరతు పెట్టింది.

సంగతి విని పక్కింటి సూర్యకళ నోరు నొక్కుకుంది. పాపం, సారలమ్మకు మతి చలించిందని కాలనీ అంతా చెప్పి వచ్చింది.

"వాడు మనకు దక్కకుండ జేసిందే అది," అన్నాడు బిక్షపతి.

ఆ కోపం ఈనాటిది కాదు. నాచారంలో తను పనిచేసే ఫ్యాక్టరీలోనే కొడుకును పెట్టించాలని సూపర్‌వైజర్ని బతిమాలి ఒప్పిస్తే, వాడు వినలేదు. మల్లికి జ్వరమని ఒక దసరాకు ఇంటికే రాలేదు. వచ్చిన పూట అన్నం ముందు కూర్చున్నా దాని ముచ్చటే. నిద్రొస్తే అది పంజా నోట్లో పెట్టుకుని, తుమ్మెద రొద పెట్టినట్టు ఎలా మూలుగుతుందో చేసి చూపించేవాడు. సారలమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. బిక్షపతి పళ్ళెం తీసుకుని వాకిట్లోకి పోయేవాడు. ఎలుగుబంటి మీద అసూయపడే తండ్రి లోకంలో ఇంకెక్కడైనా ఉన్నాడో లేదో గానీ, నాచారంలో మాత్రం ఒకడున్నాడు.

"దాన్ని జూస్తే నీకు వాడు యాదికి రాడా?"

"యాదికొస్తడనే పోతున్న. సమ్మెల బస్సులు బంద్ ఉన్నయి. నువ్వు తోల్కపోకుంటే నడిచి పోత."

అని చెప్పులేసుకుని గేటు తీసింది. సకల జనుల సమ్మె రోజులవి, రోడ్ల మీద బస్సు జాడే లేదు. సారలమ్మ సంచి మోసుకుంటూ మల్లాపూర్ దాకా నడిచింది కూడా. వెనక నుంచి స్కూటర్ వచ్చి పక్కన ఆగింది. ఆమె ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకుంది; ఈసీఐఎల్, నాగారం దాటి కేంద్రానికి చేరుకున్నారు.

డాక్టర్ గౌతమి వాళ్ళను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నెమలి, దుప్పి, తాబేలు ఫొటోలు తీసి ముందు పెట్టింది. వీటిలో ఏది తీసుకున్నా రంజిత్ పేరే పెడతామంది. "మల్లే ఎందుకమ్మా?" అని మెల్లగా అడిగింది.

"వాడు సాకింది మల్లినే గద బిడ్డా."

గౌతమి బిక్షపతి వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నాడు.

మల్లి వెనకవైపు ఆవరణలో ఉంది. చూడవచ్చినవాళ్ళను ఇప్పుడు అటు పోనివ్వడం లేదు. పాత కంచె బయట కొత్తగా ఇంకో కంచె వేశారు. ఒక మూల గోడ వైపు తిరిగి కూర్చుంది మల్లి. ఒంటి మీద తోలు వేలాడుతోంది. ఏడాదిగా సరిగా తినడం లేదని గౌతమి చెప్పింది.

"మల్లీ," అని పిలిచింది సారలమ్మ.

అది తల తిప్పింది. లేచి కంచె దాకా వచ్చి గాలి వాసన చూసింది. వీళ్ళ వెనకనున్న దారి వైపు చాలాసేపు చూసింది. ఆ దారిన ఎవరూ రాలేదు. అప్పుడది కూలబడి, పంజా నోట్లో పెట్టుకుని మూలగడం మొదలుపెట్టింది.

బిక్షపతి కంచె పట్టుకున్నాడు. అన్నం దగ్గర కొడుకు చేసి చూపించిన చప్పుడు అచ్చం అదే. పళ్ళెం తీసుకుని వాకిట్లోకి పోయిన పూటలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. పెద్దమనిషి, ఏడాదిగా కంట తడి పెట్టనివాడు, కంచెకు నుదురానించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"దానికేం దెల్సయ్యా," అంది సారలమ్మ ఆయన వీపు నిమురుతూ. "వాడొస్తడనే సూస్తున్నది."

కాసేపటికి ఆయనే సంచిలోంచి బెల్లం గడ్డ తీసి గౌతమి చేతిలో పెట్టాడు. లోపల వేయించమన్నాడు. బోర్డు మీద 'రంజిత్ జ్ఞాపకార్థం' అని రాయించమంటారా అని ఆమె అడిగింది.

"వద్దమ్మా. 'రంజిత్ సాకిన ఎలుగు' అని రాయించుండ్రి."

"మనస్ఫూర్తిగానే ఒప్పుకుంటున్నారా?"

బిక్షపతి కండువాతో ముఖం తుడుచుకుని తలూపాడు. గౌతమి కళ్ళజోడు తీసి పక్కకు తిరిగింది. లోపల మల్లి బెల్లం వాసన చూసి, నాకడం మొదలుపెట్టింది.

రంజిత్‌ను చంపింది ఆ మల్లే.