ఒక్క ఓటు తక్కువ

నూట నలభై రెండు. అవతల డెల్బర్ట్‌కూ నూట నలభై రెండే.

మూడుసార్లు లెక్కపెట్టినా అంకె కదల్లేదు. ఎల్క్ హాలో ఊరికి మేయరు కావాలని పోటీకి దిగిన ఓర్విల్‌కు తల తిరిగిపోయింది. ఓట్లు సమానమైతే అక్కడ పద్ధతి ఒకటే. వచ్చే మంగళవారం ఊరి గుమాస్తా టోపీలో రెండు చీటీలు వేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీస్తుంది. నాలుగు నెలలు గడపగడపా తిరిగి, ఇద్దరి కుక్కల చేత కరిపించుకుని, చివరికి చీటీల పాలు!

"దిగులుపడకురా," అన్నాడు డెల్బర్ట్, కాఫీ హోటల్లో అందరూ వినేలా. "పౌరశాస్త్రం రెండుసార్లు తప్పినవాడివి. చీటీ అయితే పరీక్ష రాయక్కర్లేదు కదా!"

హోటలంతా గొల్లుమంది.

ఒక్క ఓటు. ఒక్కటంటే ఒక్కటి! వెయ్యని పుణ్యాత్ములెవరో చూద్దామని ఓర్విల్ టౌన్ హాలుకెళ్ళి, ఓటేసినవాళ్ళ సంతకాల పుస్తకం ముందేసుకున్నాడు. తుంటి విరిగి మంచాన పడ్డ ఆగీ తాత కూడా ఓటేశాడు. అందరి సంతకాలూ ఉన్నాయి, ఒక్కరిది తప్ప.

మిస్ మాక్రే.

ఓర్విల్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ ఊరి బడిలో నలభై ఏళ్ళు పౌరశాస్త్రం చెప్పిందావిడే. సెనేట్‌లో యాభైమంది ఉంటారని రాసినందుకు అతన్ని తప్పించిందీ ఆవిడే. ఎన్నికలొస్తే చాలు, తెల్లారకముందే పాత కారు తీసి ముసలీ ముతకా అందర్నీ ఎక్కించుకొస్తుంది. ఆ తర్వాత హాలు బయట బల్ల వేసుకుని, గడగడా వణికే చలిలో ఆపిల్ పై అనే తీపి రొట్టె అమ్ముతూ కూర్చుంటుంది. ఓటెయ్యనివాడికి ముక్క కూడా అమ్మదు. "ముందు లోపలికెళ్ళి వేసి రా," అంటుంది. అంతమందిని లోపలికి తోసిన మనిషి తాను మాత్రం గుమ్మం దాటలేదన్నమాట. దీపం కింద చీకటంటే ఇదే!

విసవిసా ఆవిడింటికి వెళ్ళి తలుపు కొట్టాడు.

"సెనేట్‌లో ఎంతమంది?" లోపలినుంచి గొంతు.

"వందమంది, టీచర్."

"అయితే రా."

ముందు గదిలో ఒక గోడకు తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ పటం. ఎదుటి గోడకు, ఆవిడ తండ్రి ఎప్పుడో తగిలించిన బ్రిటన్ రాణి పటం. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకరినొకరు గుర్రుగా చూసుకుంటున్నారు.

"మీరు ఓటెందుకు వెయ్యలేదు?" నిలబడే అడిగేశాడు ఓర్విల్. "ఊరందరికీ నీతులు చెప్పి మీరే ఎగ్గొడతారా? మీరొక్కరు వేసుంటే నేనీపాటికి మేయర్ని!"

"నీకే వేస్తానని ఎవరన్నారు?"

ఓర్విల్ గిర్రున గుమ్మం వైపు తిరిగాడు.

"కూర్చో నాయనా." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "మా నాన్నకిచ్చిన మాటొకటి ఉంది. ఆయన బతికున్నన్నాళ్ళూ దాన్ని దాటలేకపోయాను. నిరుడు నూట ఒకటో ఏట పోయాడు."

ఓటెయ్యొద్దని కూతురి దగ్గర మాట తీసుకునే తండ్రి కూడా ఉంటాడా! రాజకీయాలంటే ఎంత పడకపోతే మాత్రం!

"పోయాడుగా? మరి నిన్న మంగళవారం ఏమైంది?"

"రెండు రోజులు తేడా వచ్చింది. అంతా మన చేతుల్లో ఉంటుందా?" అంటూ లేచింది. "రేపు నీ ట్రక్కు ఖాళీయేనా? డులూత్ కోర్టుకు తీసుకెళ్ళు. తక్కిందంతా అక్కడే తెలుస్తుంది."

కోర్టుకెందుకో ఓర్విల్ అడగలేదు. ఊరందరికీ తెలిసిందేగా. ప్రతి సోమవారం చర్చి కింది గదిలో, వేరే దేశాలనుంచి వచ్చినవాళ్ళకు పౌరసత్వ పరీక్ష పాఠాలు చెబుతుందావిడ. వాళ్ళు ప్రమాణం చేసే రోజున కోర్టుకెళ్ళి, చప్పట్లు కొట్టి, ఆపిల్ పై ముక్కలు పంచి వస్తుంది.

దారిపొడుగునా ఆవిడ ఏదో గొణుక్కుంటూనే ఉంది. ఒళ్ళో పెట్టుకున్న ఆపిల్ పై డబ్బా మూత ఊరికే తీసి మూస్తోంది. కొత్త నీలం కోటు, చెవులకు ముత్యాలు.

"పరీక్ష శిష్యులకైతే భయం మీకా?" నవ్వాడు ఓర్విల్.

"పరీక్షలు ఎప్పుడో అయ్యాయి. నోరు మూసుకుని రోడ్డు చూడు."

వచ్చేటప్పుడు మాత్రం ఊరుకోకూడదనుకున్నాడు. కడుపులో ఉన్నదంతా కక్కెయ్యాలి. శిష్యుణ్ణని, భయమని చూడకూడదు, ఒకప్పుడు తనను చూసిందా? వాక్యాలు కూడా కూర్చుకున్నాడు.

కోర్టు హాలు కిటకిటలాడుతోంది. సోమాలియా నుంచి వచ్చిన హోదన్ పరుగున వచ్చి టీచర్ని వాటేసుకుంది. మిస్ మాక్రే డబ్బా ఓర్విల్ చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకుని వెనక కూర్చో. ముక్క తగ్గిందంటే ఊరుకోను. నేను ముందుకెళ్తా, నా చెవులు మందమని నీకు తెలుసుగా."

జడ్జి వచ్చాడు. ప్రమాణం చేసేవాళ్ళందరూ లేచి నిలబడండన్నాడు. బిలబిలమంటూ ముప్పై ఏడుమంది లేచారు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో టీచర్ని చూసి కొడదామని ఓర్విల్ మెడ సాచాడు.

ముందు వరుసలో, హోదన్ పక్కన, కుడిచెయ్యి పైకెత్తి, ఏ రాజుకూ రాణికీ ఇక విధేయురాలిని కానని, ఈ దేశపు పౌరురాలినవుతానని ప్రమాణం చేస్తోంది మిస్ మాక్రే.