ఏనుగుపిల్ల ఎదుగుతోంది

"మళ్లీ మార్చేశారా కథ?" సూర్యకాంతం టీచరుకి ఒళ్లు మండింది.

జంషెడ్‌పూర్‌లో అప్పుడప్పుడే టీవీలు దిగుతున్న రోజులు. భుయ్యాడీహ్ బస్తీలోని బాలవాడీ పిల్లలకి మాత్రం శనివారం వస్తే పోలరాజు తాతే టీవీ. ఓ చెక్కపెట్టె, లోపల బల్బు, ముందు తెల్లగుడ్డ. వెనక కూచుని అట్టబొమ్మలు ఆడిస్తూ, గొంతులు మారుస్తూ కథ నడిపేవాడు.

రైల్వేలో రిటైరై బాగ్‌బేరాలో ఒంటరిగా ఉంటున్నాడట. అంతకుమించి ఎవరూ అడగలేదు.

కథంతా ఒక ఏనుగుపిల్లది. మొదటి ఏడాది అది తల్లి తోక వదిలేది కాదు. మరుసటి ఏడాది గ్లాసెత్తి నీళ్లు తాగింది, చెప్పులు కూడా తొడుక్కుంది. ఇప్పుడు అడిగినవాళ్లకి పేరు చెబుతోంది.

"పిల్లన్నాక ఎదగదేటమ్మా?" అన్నాడు తాత.

"ఏటా కొత్త పిల్లలొస్తారు. మొదటినుంచీ చెప్పాలి. పాతవాళ్లు బడికెళ్లిపోయారుగా."

"అందరూ ఎల్లిపోనేదు టీచరమ్మా."

మిగిలింది చిలకమ్మ ఒక్కతే. ఎనిమిదేళ్లొచ్చినా నోట మాట లేదు. ఏ బడీ చేర్చుకోలేదు. ఈసారీ కాదంటే ఇంట్లోనే కూచోబెడతానంది తల్లి నూకాలమ్మ. దానికోసం కథ మార్చడమేమిటని టీచరు విసుక్కుంది.

"సోమవారం మనకి నిజం టీవీ వస్తోంది. ఇక మీరు శ్రమపడకండి తాతగారూ."

తాత పెట్టె సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"చిలకమ్మని బళ్లో పేరడిగేదెప్పుడమ్మా?"

"అదీ సోమవారమే."

"సెప్తాది లెండి," అని నవ్వి వెళ్లిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం కొత్త టీవీ ముందు పిల్లలు గోల చేస్తుంటే నూకాలమ్మ పరుగున వచ్చింది. కళ్లు తుడుచుకుంటోంది.

"బళ్లో పేరు రాసుకున్నారు టీచరమ్మా. నామ్ క్యా హై అనడిగితే, ఏనుగుపిల్లలాగే తలూపి, చిలకమ్మ అని సెప్పేసింది."

టీచరు తెల్లబోయింది.

"అంతా ఆ తాత పున్నెం. శుక్రవారమైతే మా గుమ్మంలోకొచ్చి, పిల్లకి ఇంకా ఏటి రాదమ్మా అనడిగీవోడు. అదే శనివారం ఏనుగుపిల్ల నేర్సుకునీది. ఏరీ, తాత?"

సూర్యకాంతం టీవీ కట్టేసింది. సాయంత్రం మిఠాయి పొట్లం కొనుక్కుని, నూకాలమ్మతో బాగ్‌బేరా వెళ్లింది.

"నిన్న పొద్దున్నే పోయారమ్మా. నిద్దర్లోనే," అంది పక్కింటావిడ, తాత గది తలుపు తీస్తూ.

గదిలో చెక్కపెట్టె మీద సగమే రంగు వేసిన కొత్త బొమ్మ ఉంది. ఏనుగుపిల్ల భుజాన పుస్తకాల సంచితో బడికి వెళుతోంది.

బొమ్మలాడించే తాత అనుకున్న మనిషే ఇన్నేళ్లూ ఆ బాలవాడీకి టీచరని సూర్యకాంతానికి అప్పుడు తెలిసింది.