తవ్వకూడని ఇసుక

వేసవి సెలవులకు రేపల్లె వచ్చిన బర్నబాస్, ఊరికి దూరంగా ఉన్న సముద్రపు ఒడ్డున లోహాన్ని కనిపెట్టే యంత్రంతో పాత నాణేలు వెతుకుతున్నాడు. చేపల బుట్ట దించి కోటేశ్వరి అడ్డం నిలబడింది.

"ఇక్కడ తవ్వకూడదండి. పొండి."

"ఏమ్మా, ఇసుక నీదా? తవ్వొద్దని బోర్డేమైనా ఉందా?"

అతను తీసిన గుంటను ఆమె కాలితో పూడ్చేసింది. అతను విసుగ్గా పక్కకు జరిగాడు. అక్కడ యంత్రం గట్టిగా మోగింది. పార అందుకోబోతే ఆమె దాన్ని తొక్కిపట్టింది.

"ఏంటి నీ గోల?" అని కసిరాడు.

"మొన్నటి తుఫానులో పోయినోళ్లందర్నీ ఇక్కడే కలిపి పూడ్చారండి."

బర్నబాస్ యంత్రం ఆపేశాడు.

"ఆపకండి బాబూ," అంది కోటేశ్వరి. "మా పాపని కాళ్ల పట్టీలతోనే పూడ్చారంట. ఏ చోటో ఎవరూ చెప్పలేదు. తవ్వకుండా ఇంకోసారి మోగించండి."