మాట మార్చని మేస్త్రీ

గుడియాత్తం నుంచి పళ్ళికొండ దాకా ఎన్ని గోడలున్నాయో అన్నింటినీ అడగండి. ఒప్పుకున్న మాట మార్చని మేస్త్రీ ఒక్కడే ఉన్నాడని చెబుతాయి. ఆయనే మునియప్ప.

అంతటి మునియప్ప దగ్గర సెల్ ఫోను కంపెనీ మాట మార్చింది.

ఒప్పందం రెండేళ్ళకు. ఆరు నెలలు గడిచాయో లేదో, నెల అద్దె రెండింతలు చేశామని ఇంగ్లీషులో ఉత్తరం పంపింది. ఎనిమిదో తరగతి చదివే కూతురు శరణ్య కూడబలుక్కుని చదివి చెప్పింది.

మునియప్పకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే భయమూ వేసింది. ఫోను డిపాజిట్టు కోసం పెళ్ళాం ముత్తమ్మ కమ్మలు కుదువ పెట్టి ఉన్నాడు. ఆమె చెవులకు ఇప్పుడు వేపపుల్లలే. నెలాఖరులోగా విడిపించకపోతే కమ్మలు వేలానికి పోతాయి.

"ఆ ఫోను వాళ్ళ మొహానే కొట్టు. డిపాజిట్టు సంగతి తేల్చకుండా ఇంటికి రావాకు" అని ముత్తమ్మ సాగనంపింది.

వేలూరులో కంపెనీ ఆఫీసు ముందు జనం కోట కందకం దాకా నిలబడి ఉన్నారు. మధ్యాహ్నానికి మునియప్ప వంతు వచ్చింది.

రెండేళ్ళు నిండకుండా వదిలేస్తే డిపాజిట్టు రాదని కౌంటరులో అమ్మాయి తమిళంలో తేల్చేసింది.

"మాట మార్చింది మీరా, నేనా?" మునియప్ప బల్ల గుద్ది తెలుగులో అరిచాడు. "బేరం కుదిరినాక నడిమధ్యలో రేటు పెంచేవాణ్ణి చెప్పుతో కొట్టల్ల!"

"చెప్పు సంగతి తర్వాతప్పా" అంది వెనకనుంచి ఒక గొంతు. "ముందు ఆ ఉత్తరం ఇట్లియ్యి."

నలభై దాటిన మనిషి. పొట్టి క్రాపు, నలగని ప్యాంటూ చొక్కా, నిటారుగా వెన్ను. ఉత్తరం అందుకుని వెనక్కి తిప్పాడు.

"వెనక పక్క చదవలేదా?"

"చదివింది నా కూతురు. నాకు గోడ వంకర తెలుస్తాది గానీ అక్షరాల వంకర తెలీదు సామీ."

"చిన్నక్షరాల్లో ఉండాది సూడు. షరతులు వాళ్ళు మారిస్తే, ముప్పై దినాల్లోగా నువ్వు వదిలేసుకోవచ్చు. డిపాజిట్టు అంతా ఇయ్యల్ల. కాగితం రాసియ్యాల, అంతే."

"రాసేవాడు యాడుండాడు?"

"నేనుండానే. కూర్చో."

ఆయన కౌంటరులో తెల్లకాగితాలూ కార్బనూ అడిగి తెచ్చాడు. బెంచీ మీద కూర్చుని కలం తీశాడు.

"మీరూ వదిలేసేదానికేనా?" అడిగాడు మునియప్ప.

"లేదు, ఇంటామెకు ఒకటి తీసిద్దామని వచ్చినా. నెంబరు చెప్పు."

మునియప్ప ఆరంకెలు చెప్పి ఊపిరి తీసుకున్నాడు. మిగతా నాలుగూ అప్పటికే కాగితం మీద ఉన్నాయి.

"మీకెట్లా తెలుసు?"

ఆయన కింద కార్బను సర్దుకున్నాడు.

"గోడల మీద సూసినా."

"ఆమా, ఆమా! నేను కట్టే ప్రతి గోడకూ నా నెంబరు రాస్తా." మునియప్ప మీసం దువ్వుకున్నాడు.

ఆయన తలెత్తకుండా రాయడం ముగించాడు. మునియప్ప సంతకం గీశాక, కింద ఇంకో రెండు వరుసలు రాశాడు.

"అదేంది సామీ?"

"ఒకరి కోసం కాగితం రాసిచ్చినోడు పేరూ ఊరూ వేయల్ల. అది పద్ధతి."

తర్వాత కౌంటరు దగ్గరికి పోయి ఇంగ్లీషులో మాట్లాడాడు. అమ్మాయి లోపలికి పోయింది, మేనేజరు బయటికి వచ్చాడు, నకలు మీద ముద్ర పడింది.

"పది దినాల్లో చెక్కు వస్తాది. ఇది భద్రం."

మునియప్ప పది రూపాయల నోటు తీసి ఆయన జేబులో కుక్కబోయాడు. ఆయన దాన్ని మళ్ళీ మునియప్ప గుప్పిట్లోనే పెట్టి మూశాడు.

"పో అప్పా, ఇంట్లో ఎదురుసూస్తా ఉంటారు."

ఇంటికి రాగానే మునియప్ప, "దేవుడు ప్యాంటు వేసుకుని కూడా వస్తాడే!" అన్నాడు.

శరణ్య నకలు అందుకుని అడుగున ఉన్నది చదివింది. "రాసినవారు: హవల్దారు వీరప్ప, పళ్ళికొండ."

ముత్తమ్మ కూరగిన్నె దించబోయి ఆగిపోయింది.

"మిలిటరీ వీరప్పా? పొన్నమ్మ మొగుడు గదా! ఆ యమ్మ మనింటి దాకా వచ్చి నిన్ను బతిమాలి పోలేదా?"

మొదట్లో నేను చెప్పిన గొప్పలోంచి పళ్ళికొండను తీసేసుకోండి. పొన్నమ్మ ఇంటికి కిటికీల పైన లింటెల్ దాకా గోడలు లేపి, కూలి రేటు పెంచితేనే పైన స్లాబు అన్నాడు మన మేస్త్రీ. మొగుడు సరిహద్దులో ఉన్నాడు, ఆమె చేతిలో అంత లేదు. నాలుగు నెలలు టెలిఫోను బూతుకు నడిచి నడిచి ఫోను చేసింది. ఈయన ఎత్తలేదు. మునియప్ప నెంబరు రాసి ఉన్న ఆ మొండిగోడలు వానాకాలమంతా తడిశాయి.

"నువ్వెవరో తెలియక రాసిచ్చినాడేమో" అంది ముత్తమ్మ.

"నెంబరు నేను పూర్తిగా చెప్పకముందే రాసినాడే" అన్నాడు మునియప్ప. ఆ రోజు అన్నం ముట్టలేదు.

చెక్కు వచ్చింది. కమ్మలు చెవులకెక్కాయి. మునియప్ప మర్నాడే మనుషులతో పళ్ళికొండకు పోయి, పాత రేటుకే స్లాబు వేసి, వీరప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు.

అంతా నిజమే గానీ, ఆ చేతులు పట్టుకోవడం ఒక్కటే నేను కల్పించింది.

సిగ్గు చంపుకుని మేస్త్రీ బస్సెక్కేసరికి, సెలవు ముగిసి వీరప్ప రైలెక్కి నాలుగు రోజులైంది. మునియప్ప చేతికి అందింది పొన్నమ్మ ఇచ్చిన టీ గ్లాసే. "మేస్త్రీ వస్తాడు, ఒక్క మాట అనాకు, ముందు టీ ఇయ్యి" అని చెప్పి పోయాడట వీరప్ప.