ముప్ఫై ఆరుకి వస్తానా?

"ముప్ఫై ఆరుకి వస్తానా డాక్టరు గారూ?"

కోడలు అడిగిన తీరుకి డాక్టరమ్మతో పాటు పక్కన కూర్చున్న అత్తగారికీ నవ్వొచ్చింది. అలా అడక్క ఏం చేస్తుంది? బట్టలు కుట్టడం ఆ పిల్ల వృత్తి. మనిషి ఎదురుపడితే ముఖం కంటే ముందు భుజాల వెడల్పు చూసే రకం. ఇప్పుడు తన ఛాతీ నలభై రెండు. ఆ బరువుకి మెడ వంగిపోయింది, పట్టీలు కోసుకుపోయి భుజాల మీద గాట్లు పడ్డాయి. మిషను ముందు గంట కూర్చుంటే చాలు, నడుం పట్టేస్తోంది.

"ఇదేం గుడ్డా, గీత గీసి కత్తిరించడానికి?" అంది డాక్టరమ్మ. "ఆపరేషనులో నీ ఒళ్ళు ఎంత ఒప్పుకుంటే అంతే తీస్తాను. మొదట్లో వాపుంటుంది. అది పూర్తిగా తగ్గి అసలు కొలత తేలడానికి ఆర్నెల్లు పట్టొచ్చు. ముప్ఫై ఎనిమిది కావచ్చు, కాస్త అటూ ఇటూ కావచ్చు. అంకె చెప్పి ఆశ పెట్టను."

"మరీ చిన్నవి చేసెయ్యకండి." కోడలు గొంతు తగ్గించింది. "రేపు పిల్లలు పుడితే పాలుండాలి కదా."

"కొందరికి బాగానే పడతాయి, కొందరికి తగ్గుతాయి. దానికీ నేను మాటివ్వలేను. పిల్లలయ్యాక చేయించుకుంటానంటే ఆగుదాం."

కోడలు ఒళ్ళో చేతులు పిసుక్కుంది. పెళ్ళయిన నాలుగేళ్ళుగా ఆగుతూనే ఉంది. ఇద్దరిలో ఏ లోపమూ లేదన్నారు. అయినా నెల తప్పింది లేదు, తేదీ వచ్చేసరికి గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చేది.

"ఇంకా ఎన్నాళ్ళాగుతావే తల్లీ?" అంది అత్తగారు. "డబ్బా పాలతో పెరిగినవాళ్ళు లేరా? ముందు నీ నొప్పి తగ్గనీ."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి మరీ చూసింది. "కన్నతల్లి అంటే వింత లేదు. ఓ అత్తగారి నోట ఈ మాట ఇప్పుడే వింటున్నాను."

"మా అత్తయ్య అంతేనండీ. పొద్దున్నే నేను లేచేసరికి పాలు కాచి చేతికిస్తారు. నా పుట్టింట్లో కూడా ఇంత ముద్దు జరగలేదు," అంది కోడలు మురిసిపోతూ.

"సరే, మాత్రలేమైనా వాడుతున్నావా? బీపీకి, షుగరుకి, పిల్లలు పుట్టకుండా?"

"పుట్టడానికైతే వాడాలి కానీ..." కోడలు నవ్వబోయింది, కుదరలేదు.

"తలనొప్పికి కూడా మాత్ర వేసుకోదండీ, మొండిఘటం," అంది అత్తగారు.

కోడలంటే ఆవిడకి కోపమేమీ లేదు. నిజానికి ఇష్టమే. మొదటి కోడలు ఏడాది బిడ్డని వదిలేసి కన్నుమూస్తే, ఆ పిల్లని గుండెల మీద పెట్టుకుని పెంచింది. కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేస్తానంటే తోడికోడలు ముఖం మీదే అడిగింది. "రేపు దాని కడుపున ఓ కాయ కాస్తే ఈ పిల్ల మూలన పడదూ?"

"నేనుండగా ఆ గతి పట్టనివ్వను," అంది ఆవిడ. పట్టలేదు కూడా. పిన్ని కుట్టిన గౌన్లు తప్ప ఆ పిల్ల ఇంకోటి తొడగదు, పిన్ని కలిపితే తప్ప ముద్ద మింగదు.

ఆపరేషను బాగానే జరిగింది. ఇంటికొచ్చిన కోడలు మంచం మీద నుంచే లెక్కలు మొదలుపెట్టింది. "ముప్ఫై ఎనిమిదికే కత్తిరిస్తాను అత్తయ్యా, లోపల మడత వదిలితే తర్వాత బిగించుకోవచ్చు." మెడ ఎత్తి నడుస్తుంటే కొత్త మనిషిలా ఉంది. వారం తిరక్కుండా ఓ ఉదయం పిక్క లాగుతోందంది. మధ్యాహ్నానికి ఊపిరి అందడం లేదంది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే మాట పడిపోయింది.

డాక్టరమ్మ బయటికొచ్చి తల అడ్డంగా ఊపింది. కొడుకు గోడకి ఆనుకుని అలాగే కూలబడ్డాడు.

"కాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది బాబూ. ఆపరేషను తర్వాత ఎప్పుడో ఒకరికి జరుగుతుంది. పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడేవాళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువ. అందుకే ఆ రోజు అడిగాను. ఉందంటే ముందే మాన్పించేదాన్ని. నిజంగా వాడలేదా?"

"మేం పిల్లల కోసం ఏడుస్తుంటే మాత్రలేమిటండీ!"

డాక్టరమ్మ అతని వైపు వంగింది. "అత్తగారి ముందు చెప్పలేక దాచేవాళ్ళుంటారు. నేనే విడిగా అడగాల్సింది."

కొడుకు ముఖం మారిపోయింది. ఏ లోపమూ లేదన్న పరీక్షలు, పిల్లల్లేని నాలుగేళ్ళు, తలుపు వెనక ఏడుపులు. ఒక్కొక్కటే అతని కళ్ళలో తిరగడం అత్తగారికి కనిపిస్తూనే ఉంది.

"అమ్మా, నీకేమైనా తెలుసా? ఆ ఏడుపంతా నాటకమేనా? ఇన్నాళ్ళూ నన్ను మోసం చేసిందా?"

మనవరాలు "పిన్నీ" అంటూ వెక్కుతోంది. అత్తగారు ఆ పిల్లని దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

"పోయిన మనిషిని ఏమీ అనకు నాన్నా."

కొడుకు లేచాడు. భార్యని చూడ్డానికి లోపలికి వెళ్ళకుండా మెట్ల వైపు నడిచాడు. ఎంత పెద్ద మనసమ్మా ఈ అత్తగారిదని నర్సు కళ్ళొత్తుకుంది.

ఆ మాత్రలు నాలుగేళ్ళుగా కోడలి పాలల్లో కలిపింది ఆవిడే.