గడియ పెట్టని తలుపు

గేటు దగ్గర వరస మళ్ళీ ఆగిపోయింది.

వాన పడుతోంది. కాపలాదారు ఒక్కొక్కరి సంచీ విప్పించి, చేతులు చాపించి, తడిమి చూసి లోపలికి వదులుతున్నాడు.

"చిప్పు పెట్టించుకున్నాం కదయ్యా, ఇంకా ఈ తడుములాట ఏమిటి?" అని విసుక్కున్నాడు బాయిలర్ మనిషి.

"అందరూ పెట్టించుకుంటే గేటు దానంతటదే తెరుచుకుంటుంది. ఒక్కరు మిగిలినా నేనుండాల్సిందే. వెళ్ళి ఆవిడని అడుగు."

అందరూ వరస చివర తడుస్తూ నిలబడ్డ ఇస్త్రీ పెద్దమ్మ వైపు చూశారు.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. బియ్యపు గింజంత చిప్పుని బొటనవేలి పక్కన, చర్మం కింద పెడతారు. చెయ్యి చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది; పని వేళలో బయటికి మాత్రం తెరుచుకోదు. మరుగుదొడ్డికి వెళ్ళాలన్నా చెయ్యి చూపించాలి. ఎవరు ఎప్పుడు కదిలారో మేనేజరు గదిలో తెలిసిపోతుంది.

పెద్దమ్మ మొదట్లో, నేనెక్కడ నిలబడ్డానో ఎక్కడ కూర్చున్నానో మీకెందుకని అడిగింది. దాచుకోవడానికి నీ దగ్గరేముందని మేనేజరు నవ్వాడు. అలాంటి అభ్యంతరాలు చెల్లవన్నాడు. మతం ఒప్పుకోదంటే మాత్రం ఎవరినీ బలవంతపెట్టరట.

మర్నాడు పెద్దమ్మ వచ్చి, దేవుడిచ్చిన ఒంట్లో ఇంకొకరి గుర్తు పెట్టించుకోవడం తమ మందిరంలో పాపమంది.

"రాత్రికి రాత్రి దిగొచ్చాడన్నమాట దేవుడు," అన్నాడు బాయిలర్ మనిషి.

ఆ రోజు నుంచి ఆవిడకి భక్తురాలని పేరు పడింది.

అందరికీ చిప్పులయ్యాక మూసేద్దామనుకున్న పాత వెనక తలుపుని, ఆవిడ బయటి మరుగుదొడ్డికి వెళ్ళడం కోసం ఉంచాల్సొచ్చింది. తాళంచెవి ఆవిడకే ఇచ్చారు.

ఆవిడకి మతిమరుపు. వెళ్ళొచ్చాక గడియ పెట్టేది కాదు.

ఆ మతిమరుపు అందరికీ కలిసొచ్చింది. బాయిలర్ మనిషి సిగరెట్టుకి జారుకునేవాడు. దుప్పట్లు మడతపెట్టే అమ్మాయి, మొదటి నుంచీ అలవాటైన దారే కాబట్టి, వెనక సందులోని ఇంటికి పరిగెత్తేది. మంచాన పడ్డ తల్లిని ఇంకో పక్కకి తిప్పి, గొంతులో నాలుగు చెంచాల నీళ్ళు పోసి, పెదాలు తుడిచేది.

తల్లి రోజూ ఆమె వేలు పట్టుకునేది. ఇప్పుడే వస్తానమ్మా అని ఆ వేలు విడిపించుకుని రావడమే పెద్ద పని.

ఈసారి వానకి అమ్మాయికి జ్వరం తగిలింది. మూలుగుతూనే పనిలోకి వచ్చింది. తను పడిపోతే తల్లికి దిక్కెవరు? ఒక మనిషి దేవుడి కోసం ఇంతమంది తడవాలా?

ఆ మధ్యాహ్నమే మేనేజరు పిలిచాడు.

"నీ పక్క బల్లే కదా ఆవిడది. ప్రార్థన చేసుకోవడం ఎప్పుడైనా చూశావా?"

అమ్మాయి ఆలోచించింది. అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు.

"లేదు సార్. చూడలేదు."

అంతే చాలింది. సాయంత్రానికి పెద్దమ్మని పనిలోంచి తీసేశారు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ మడతల బల్ల దగ్గర ఆగింది. తిడుతుందేమోనని అమ్మాయి తల వంచుకుంది.

"మధ్యాహ్నం పూట మీ అమ్మ దగ్గరికి ఎవరినైనా చూసుకో తల్లీ. ఆలస్యం చెయ్యకు."

అమ్మాయికి ఒళ్ళు మండింది. పోతూ పోతూ కూడా ఈవిడకి ఊళ్ళో వాళ్ళ సంగతులే.

మర్నాడు గేటు దానంతటదే తెరుచుకుంది. ఎవరూ తడవలేదు. బాయిలర్ మనిషి గేటుకి దండం పెడితే అందరూ నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది.

మధ్యాహ్నం వెనక్కి వెళ్ళింది. తలుపు లేదు. దాని చోట తాపీమేస్త్రీ ఇటుకలు పేరుస్తున్నాడు.

"ఇదెందుకు మూస్తున్నావన్నా?"

"చిప్పు లేనావిడ పోయిందటగా. ఇంకెవరి కోసం?"

పరుగున ముందు తలుపు దగ్గరికి వెళ్ళి చెయ్యి చూపించింది. పని వేళ అది తెరుచుకోలేదు. మేనేజరుని బతిమాలింది. ఒకరిని వదిలితే అందరినీ వదలాలన్నాడు.

తల్లి దగ్గర కూర్చునే మనిషి కోసం అక్కడా ఇక్కడా వాకబు చేస్తూనే ఉంది. మనిషి దొరకలేదు.

ఆ వారం దాటలేదు. ఓ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తల్లి చెయ్యి నీళ్ళ గ్లాసు వైపు చాచి ఉంది. అమ్మాయి తన వేలు ఆ చేతిలో పెట్టింది. ఈసారి ఎవరూ పట్టుకోలేదు.

అన్నీ అయిపోయాక పెద్దమ్మని వెతుక్కుంటూ బయల్దేరింది. కాళ్ళ మీద పడాలో, నీ దేవుడు నా మీద కక్ష తీర్చుకున్నాడా అని అడగాలో తనకే తెలియలేదు. ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు. ఆవిడ చెప్పిన మందిరానికి వెళ్ళింది.

లోపల ఓ పెద్దాయన బెంచీలు తుడుస్తున్నాడు.

"చిప్పు వద్దన్నావిడా? మా వాళ్ళలో ఎవరూ వద్దనలేదమ్మా. ఇదిగో, నాకూ ఉంది," అని చెయ్యి చూపించాడు.

ముంజేతి మీద ఇస్త్రీ కాలిన మచ్చ ఉంటుందని అమ్మాయి ఆనవాలు చెప్పింది.

పెద్దాయన చేతిలోని గుడ్డ ఆగింది. ఆవిడ ఒక్కసారే వచ్చిందట. చిప్పు వద్దనడానికి మీ గ్రంథంలో ఏదైనా మాట ఉందా అని అడిగిందట. ఆయన వెతికి చూపిస్తే, మళ్ళీ మళ్ళీ చదివించుకుని నోటికి నేర్చుకుందట.

"దేవుడంటే అంత భయమా అమ్మా అన్నాను. నాకు దేవుడెవరూ లేడు బాబూ, మా దగ్గర మడతలు పెట్టే పిల్లకి తల్లి మంచాన ఉంది, ఆ వెనక తలుపు ఉండాలంటే మాలో ఎవరో ఒకరికి దేవుడుండాలి, అంది."