ఎర్ర చుక్క

"ముట్టుకోవద్దు పెద్దాయనా!"

సునంద అరిచింది. అరవదూ మరి? బల్ల మీద ఉన్నది ఆ ఒక్క బోర్డే.

అరచేతిలో పట్టేంత కంప్యూటర్ అది. మోటారు పెట్టెలో కూర్చుని, రైతు ఇంటి నుంచి ఫోన్ చేస్తే మోటారు ఆన్ చేస్తుంది. నిరుడు ఉరవకొండ పక్క పల్లెలో, రాత్రి కరెంటు వచ్చిందని మోటారు వేయబోయి ఒకామె షాక్ కొట్టి చనిపోయింది. ఆ వార్త చదివాకే సునంద, శశికుమార్ అనంతపురంలో ఈ గది తీసుకుని పని మొదలుపెట్టారు.

మూడింటికి డబ్బు పెడుతున్న బెంగళూరు సారు వీడియోలో చూస్తాడు. బోర్డు పాసైతే రేపే పెట్టె పొలానికి పోతుంది. లేదంటే ఈ పంటకు లేనట్టే. రైతులు చీకట్లో మోటారు దగ్గరికి పోవాల్సిందే.

శశికుమార్ ఎవరినో తీసుకొస్తానని బస్టాండుకు పోయాడు. ఎవరినో ఆమె సరిగా వినలేదు. ఈలోపు ఈయన ఊడిపడ్డాడు.

"సెల్‌ఫోన్ రిపేరు పక్క అంగట్లో."

"దానికి కాదులేమ్మా. పెట్టె చూసి పోదామని."

సునంద పనిలో పడింది. యూఎస్‌బీ పోర్టులు చూసింది. నెట్ కేబుల్ లాగి చూసింది. కరెంటు పిన్ను ఊపింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఇక మిగిలింది మోటారు వైపు పోయే మూడు తీగల ప్లగ్గు.

"అది ఊడితే ఎవరు పెట్టాల?"

"రైతులే పెట్టుకోవాల."

"రాత్రి ఊడితే?"

"ఎప్పుడైనా అంతే. ఎర్ర తీగ ఈ ఎర్ర చుక్క పక్కకు రావాల. చిన్నపిల్లోళ్లు కూడా పెడతారు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. మొరటు వేళ్లతో పిన్నులు తడిమాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టేలోపే ప్లగ్గు నొక్కేశాడు.

చిటుక్కుమంది. గది నిండా కాలిన వాసన.

"అయ్యో! గుడ్డెద్దు చేలో పడినట్టు... కండ్లు లేవా నీకు?"

"ఉండాయమ్మా. మా పక్క కరెంటు రాత్రి ఇస్తారు. అప్పుడు ఉండవు."

"బయటికి పో ముందు!"

ఆయన గడప దగ్గర చెప్పులేసుకుంటూ ఆగాడు.

"తిప్పి పెట్టినా దూరిందమ్మా. చూసినావా?"

"పో అంటాంటే!"

పోయాడు.

సునందకు ఏడుపొచ్చింది. కాలిన బోర్డు చేతిలోకి తీసుకుంది. ప్లగ్గు సరిగా పెట్టింది, దూరింది. తిప్పి పెట్టింది, అదీ అంతే మెత్తగా దూరింది. ఎన్నోసార్లు పెట్టి తీసిన ప్లగ్గే. ఒక్కసారైనా కళ్లు మూసుకుని పెట్టి చూడలేదు తను.

ఈ బోర్డు రేపు పొలానికి పోయి, చీకట్లో ఎవరైనా ప్లగ్గు తిప్పి పెట్టి ఉంటే?

మూడైంది. ఫోన్ మోగింది, బెంగళూరు సారు.

"పాస్ కాలేదు సార్," అంది.

శశికుమార్ రొప్పుతూ వచ్చాడు.

"బస్టాండంతా వెతికినా. శ్రీరంగప్ప నేరుగా ఈడికే వచ్చినాడంట కదా?"

"ఎవరు?"

"మొదటి పెట్టె పెట్టుకునే రైతు. పొద్దున్నే చెప్తి కదా నీకు!"

సునంద వీధిలోకి పరుగెత్తింది. ఉరవకొండ బస్సు అప్పుడే మలుపు తిరిగింది. దుమ్ము మాత్రం మిగిలింది.

"తిట్టినా శశీ. గుడ్డెద్దు అంటి. బయటికి పో అంటి."

శశికుమార్ మొహం వాడిపోయింది.

"పెట్టె మీ పొలంలో పెడతాం అంటే ఊరంతా వెనక్కి తగ్గినారు. ముందుకొచ్చింది ఆయప్ప ఒక్కడే," అన్నాడు. "నిరుడు చీకట్లో మోటారు కాడ పోయినామె, నాగలక్ష్మమ్మ... ఆయప్ప పెండ్లామే."